పాత ఈఆర్‌పీని ఫీల్డ్ స్టాఫ్ ఫోన్ల దాకా తీసుకెళ్లాలంటే

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు దాన్ని కుదించి చెప్పుకుందాం. విత్తనాలు, పురుగుమందులు డీలర్లకు పంపిణీ చేసే కంపెనీ. పన్నెండేళ్ల కిందటి జావా ఈఆర్‌పీ (స్టాకు, అమ్మకాలు, లెక్కలు అన్నీ నడిపే సాఫ్ట్‌వేరు), వెనక ఒరాకిల్ డేటాబేస్, ముందు ఆఫీసు బ్రౌజర్లలో తెరుచుకునే పేజీలు. ఇప్పుడు ఊళ్లు తిరిగే మార్కెటింగ్ ఆఫీసర్లు ఫోన్లోనే ఆర్డరు వేయాలి, వసూలు రాయాలి, రిటర్న్ స్టాకు ఎక్కించాలి. మీ మేనేజరు గారేమో "ఉన్న సర్వీసుల మీద రెస్ట్ ఏపీఐ తొడుగు వేసి ఫ్లట్టర్లో యాప్ కొట్టేద్దాం, మూడు నెలల పని" అంటున్నారు. అంటే పాత ప్రోగ్రాముల్ని ఫోను నెట్ ద్వారా పిలిచేలా పైన ఒక పొర వేయడం. మీకు అనుమానంగా ఉంది. ఆ అనుమానాన్ని వదలకండి.

యాప్ రాయడానికి ఫ్లట్టరా, రియాక్ట్ నేటివా, కోట్లినా అన్న గొడవ పక్కన పెట్టండి. ఇక్కడ ఇప్పటికే వచ్చిన సమాధానాలు సగం దాని మీదే కొట్టుకుంటున్నాయి. మీ టీములో జావా వాళ్లున్నారు, ఫీల్డులో దాదాపు అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లే అంటున్నారు, కాబట్టి కోట్లిన్ అయితే త్వరగా అలవాటవుతుంది. ఫ్లట్టర్ అయినా మునిగిపోయేదేమీ లేదు. ఈ నిర్ణయం రేపు మార్చుకోవచ్చు. మార్చుకోలేనివి వేరే ఉన్నాయి.

మీ ఈఆర్‌పీ మొత్తం ఒక ఊహ మీద కట్టారు: సేవ్ నొక్కినవాడికి రెండు మూడు సెకన్లలో సర్వరు నుంచి అవునో కాదో వస్తుంది. 1994 ప్రాంతంలో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో ఇంజనీరు పీటర్ డాయిచ్, నెట్‌వర్కుల గురించి ప్రోగ్రామర్లు చేసుకునే తప్పుడు ఊహలంటూ ఒక జాబితా రాశాడు. "నెట్‌వర్క్ నమ్మదగినది" అన్నది అందులో మొదటిది. ఆఫీసు లోపలి నెట్‌వర్క్ (లాన్) మీద కూర్చుని ఆ ఊహతో పన్నెండేళ్లు బండి నడిపారు, ఇబ్బంది రాలేదు. భద్రాచలం దాటి చర్ల, వెంకటాపురం మిర్చి తోటల వైపు వెళ్లిన మీ ఆఫీసరుకి అది ఒక్క పూట కూడా నడవదు. సిగ్నల్ పూర్తిగా లేకపోవడం నయం, కనీసం లేదని తెలుస్తుంది. గీతలు రెండు చూపిస్తూ, రిక్వెస్టు పోయి జవాబు రాకపోవడమే అసలు బాధ.

కాబట్టి ఫోను మీ సిస్టంలో ఇంకో తెర అనుకోకండి. హెడ్డాఫీసుతో తెగిపోయినా పని ఆపకుండా రాసుకుంటూ పోయే ఇంకో బ్రాంచి అనుకోండి. అప్పుడు తేల్చుకోవాల్సిన మొదటి విషయం: ఏ లావాదేవీ ఫోన్లోనే పూర్తయినట్టు లెక్క, ఏది సర్వరు ఒప్పుకున్నాకే పూర్తయినట్టు?

మీరు చెప్పిన మూడు పనులనే తీసుకోండి. ఆర్డరు అంటే అడగడం. స్టాకు లేదనో, క్రెడిట్ లిమిట్ దాటిందనో కంపెనీ కాదనొచ్చు, ఎవరి కొంపా మునగదు. వసూలు అలా కాదు. డీలరు నలభై వేలు లెక్కపెట్టి ఇచ్చాడు, మీవాడు బ్యాగులో వేసుకున్నాడు. రాత్రి సింక్ అయ్యేటప్పుడు (ఫోన్లో రాసింది సర్వరుకి చేరేటప్పుడు) సర్వరు "ఈ డీలరు ఖాతా బ్లాకులో ఉంది, రసీదు నమోదు కుదరదు" అంటే ఏం చేస్తాడు? డబ్బు వచ్చేసింది, కాగితమో ఎస్సెమ్మెస్సో డీలరు చేతిలో ఉంది. రిటర్న్ స్టాకూ అంతే: పెట్టెలు ఆటోలో గోడౌనుకి బయల్దేరాయి, "బ్యాచ్ నంబరు సరిపోలలేదు" అని సాఫ్ట్‌వేరు అన్నంత మాత్రాన అవి వెనక్కి పోవు.

మీ పాత కోడు అడగడానికీ, జరిగిపోయినదానికీ తేడా చూడదు. వాలిడేషన్ (ఎంట్రీ సరిగా ఉందా అనే చెకింగ్) ఫెయిలైతే ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వేసి ఊరుకుంటుంది, ఎందుకంటే ఎదురుగా అకౌంటెంట్ కూర్చుని ఉంటాడు, చూసుకుని సరిదిద్దుకుంటాడు. ఏపీఐ తొడుగు వేస్తే అదే ప్రవర్తన ఫోను దాకా వస్తుంది. మేనేజరు గారి ప్లానుతో నాకున్న పేచీ ఇక్కడే. అడిగేవాటిని సర్వరు కాదనొచ్చు. జరిగిపోయినవాటిని కాదనే హక్కు దానికి లేదు. తీసుకోవాలి, తేడా ఉంటే పక్కన పెట్టి అకౌంట్స్‌లో ఒక మనిషి చూసే జాబితాలోకి నెట్టాలి. సరిపోలని బ్యాచ్, తేలేదాకా విడిగా ఉంచే హోల్డ్ లొకేషన్లోకి పోవాలి. బ్లాకులో ఉన్న డీలరు డబ్బు, ఏ పద్దులో వేయాలో తేలేదాకా ఉంచే సస్పెన్స్ ఖాతాలో పడాలి. ఆ జాబితా స్క్రీను, దాన్ని రోజూ ఖాళీ చేసే బాధ్యత ఎవరిదన్నదీ ఈ ప్రాజెక్టులో భాగమే. ఎస్టిమేట్లో దాన్ని ఎవరూ వేయరు, మీరు వేయండి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. జరిగిపోయాక ఆపలేం కాబట్టి, ఆపగలిగే చెకింగులను ముందే ఫోన్లోకి తేవాలి. ఒకే వ్యక్తి దగ్గర ఒక రోజులో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపన్ను నిబంధన. ఈ చెకింగ్ సర్వర్లో ఉంటే లాభం లేదు, డబ్బు తీసుకోకముందు ఫోనే చెప్పాలి. ఇద్దరు ఆఫీసర్లు ఒకే డీలరు దగ్గర ఒకే రోజు తీసుకుంటే ఏ ఫోనుకీ తెలియదు, అది మళ్లీ అకౌంట్స్ జాబితాలోకే వస్తుంది.

క్రెడిట్ లిమిట్ సర్వరు చెకింగ్‌కీ ఫోను చెకింగ్‌కీ మధ్యలో ఉంటుంది. ఫోన్లో బ్యాలెన్స్ చూపించండి, కానీ పక్కనే "నిన్న సాయంత్రం 6:40 నాటిది" అని ఉండి తీరాలి. ఆర్డరు వేశాక "కన్ఫర్మ్ అయింది" అనే మాట ఫోను తనంతట తాను అనకూడదు. ఫోన్లో ఉంది, ఆఫీసుకు చేరింది, ఒప్పుకున్నారు: ఈ మూడు దశలు మూడు రంగుల్లో కనిపిస్తే చాలు. ఆఫీసర్లు వారంలో అలవాటు పడతారు. డీలరుకి మాట ఇచ్చి పరువు పోగొట్టుకోవడం కన్నా వాళ్లకి అదే నయం.

నంబర్ల సంగతి. ఇన్వాయిస్ నంబరు ఫోన్లో పుట్టించే ఆలోచన ఉంటే మానుకోండి. జీఎస్టీ రూల్ 46 ప్రకారం అది వరస తప్పని సీరియల్, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. దానికితోడు టర్నోవరు 5 కోట్లు దాటిన సంస్థలకు 2023 ఆగస్టు నుంచి బీటూబీ (వ్యాపారి నుంచి వ్యాపారికి) అమ్మకాలకి ఐఆర్‌ఎన్ అనే ఇన్వాయిస్ గుర్తింపు నంబరు తీసుకోవాలి, అది ప్రభుత్వ ఈ-ఇన్వాయిస్ పోర్టల్ నుంచి రావాలి. పైగా మీ సరుకులో విత్తనాలకి జీఎస్టీ లేదు, పురుగుమందులకి ఉంది. ఒక్క ఆర్డరే పన్ను లేనివాటికి బిల్ ఆఫ్ సప్లైగా, పన్ను ఉన్నవాటికి ట్యాక్స్ ఇన్వాయిస్‌గా రెండుగా చీలుతుంది. ఇదంతా సర్వరు చూసుకోవాల్సిన పని. ఫోను ఆర్డరు వరకే.

రసీదు నంబరు మాత్రం ఫోన్లో పుట్టొచ్చు, పుట్టాలి కూడా. కంప్యూటర్లు రాకముందు ఏం చేసేవాళ్లో గుర్తు తెచ్చుకోండి: ఒక్కో ఆఫీసరుకి నంబర్లు అచ్చువేసిన రసీదు పుస్తకం ఇచ్చేవాళ్లు, కార్బన్ కాపీ తర్వాత ఆఫీసుకి చేరేది, ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో ఒక రిజిస్టరు ఉండేది. ఆఫ్‌లైన్ సిస్టంకి కావాల్సిన డిజైనంతా అందులోనే ఉంది. ఒక్కో ఫోనుకి ఒక సిరీస్ కేటాయించండి. ఫోను మారితే సిరీస్ మూసేసి కొత్తది ఇవ్వండి. మధ్యలో నంబరు జారిపోతే ఆడిటర్ అడుగుతాడు, అప్పుడు చూపించడానికి రద్దయిన రసీదులు కూడా సింక్ అవ్వాలి.

ఇప్పుడు అసలు కిటుకు: ఒకే రసీదు రెండుసార్లు పడకుండా చూడటం. ఫోను పంపింది, సర్వరు లెడ్జర్లో పోస్ట్ చేసింది, జవాబు దారిలో పోయింది. ఫోను మళ్లీ పంపుతుంది. డీలరు ఖాతాలో ఎనభై వేలు జమ! దీనికి మందు అందరికీ తెలిసిందే, ప్రతి రికార్డుకీ ఒక యూయూఐడీ, అంటే ఇంకెక్కడా మళ్లీ రాని గుర్తింపు. కానీ అది ఎప్పుడు పుట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. పంపేటప్పుడు పుట్టిస్తే ప్రతి ప్రయత్నానికీ కొత్త ఐడీ వస్తుంది, పెట్టినా పెట్టనట్టే. ఆఫీసరు సేవ్ నొక్కిన క్షణాన, రసీదు వివరాలతో పాటే, ఫోన్లోని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో, అదే ట్రాన్సాక్షన్లో (పడితే అన్నీ పడేలా, లేకుంటే ఏదీ పడకుండా) రాయాలి.

సర్వరు వైపు ఆ ఐడీ మీద యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు పడనివ్వని నియమం) ఉన్న టేబుల్ పెట్టి, లెడ్జర్ పోస్టింగ్ జరిగే ట్రాన్సాక్షన్లోనే దాన్నీ ఇన్సర్ట్ చేయాలి. ఒకే ఐడీ రెండుసార్లు ఒకేసారి వచ్చినా ఒరాకిల్లో రెండో ఇన్సర్ట్ మొదటిది తేలేదాకా ఆగుతుంది, మొదటిది కమిట్ అయితే (ఖాయంగా రాసేస్తే) ఓఆర్‌ఏ-00001, అంటే ఈ ఐడీ ఇప్పటికే ఉందనే ఎర్రర్, ఇస్తుంది. అప్పుడు ఎర్రర్ వెనక్కి పంపకుండా, మొదటిసారి ఏ జవాబు ఇచ్చామో అదే మళ్లీ ఇవ్వాలి.

ఇంతవరకూ ఏ వ్యాసంలోనైనా దొరుకుతుంది. మీలాంటి పాత ఈఆర్‌పీల్లో దెబ్బ కొట్టేది ఇంకోటి: పోస్టింగ్ చేసే పీఎల్ ఎస్‌క్యూఎల్ ప్యాకేజీ (ఒరాకిల్‌లోనే నడిచే కోడు) లోపల ఎక్కడో ఒక కమిట్ ఉంటుంది. ఎవరో ఎప్పుడో లాక్ సమస్య వచ్చిందని పెట్టి ఉంటారు. అది ఉన్నంతకాలం మీరు బయట ఎంత జాగ్రత్తగా ట్రాన్సాక్షన్ కట్టినా సగంలో తెగుతుంది. పోస్టింగ్ అయి ఐడీ పడకపోవచ్చు, ఐడీ పడి పోస్టింగ్ సగంలో ఆగొచ్చు. రేపు పొద్దున ఆఫీసుకి వెళ్లగానే ఆ ప్యాకేజీల్లో కమిట్ అని వెతకండి, బయటి ట్రాన్సాక్షన్‌తో సంబంధం లేకుండా విడిగా కమిట్ అయ్యే అటానమస్ ట్రాన్సాక్షన్ల కోసం కూడా. దొరికితే, తీసే ధైర్యం లేకపోతే (చాలాసార్లు ఉండదు, దాని మీద ఇంకేం ఆధారపడి ఉందో ఎవరికీ తెలియదు), ఓచర్ టేబుల్లోనే ఒక రిఫరెన్స్ కాలమ్‌లో మొబైల్ ఐడీ రాయించి దాని మీదే యూనిక్ ఇండెక్స్ పెట్టండి. అప్పుడు ఓచరు ఉందంటే ఐడీ ఉన్నట్టే.

ఫోన్ల నుంచి నేరుగా ఈఆర్‌పీ సర్వీసుల్ని పిలవనివ్వకండి. మధ్యలో ఒక చిన్న సింక్ సర్వీసు ఉండాలి, దానికి సొంత ఇన్‌బాక్స్ టేబుళ్లు ఉండాలి. ఫోను పంపింది ఇన్‌బాక్స్‌లో పడగానే "చేరింది" అని జవాబు పోతుంది, పోస్టింగ్ వెనకాల ఒక వర్కర్ తన వేగంతో చేసుకుంటుంది. జూన్, జూలైలో ఖరీఫ్ ఊపులో అందరూ రాత్రి బసకి చేరి ఒకే గంటలో సింక్ చేస్తారు, ఆ బరువు ఈఆర్‌పీ మీద పడదు. నెలాఖరు క్లోజింగ్‌కని ఈఆర్‌పీ ఆపినా ఫీల్డు ఆగదు. ఫోన్ తెరకి కావాల్సిన ఆకారంలో డేటా కట్టి ఇచ్చేది కూడా ఇదే. ఒక డీలర్ పేజీకి మీ పాత సర్వీసులు ఆరేడు పిలవాల్సి వస్తే ఆ పిలుపులు డేటా సెంటర్ లోపలే జరగాలి, ఫోను ఒక్కసారే అడగాలి. బ్యాకెండ్ ఫర్ ఫ్రంటెండ్ అని దీని పేరు. సంగీతం వినిపించే సౌండ్‌క్లౌడ్ సైటు అనుభవం చూసి సాఫ్ట్‌వేర్ రచయిత శామ్ న్యూమన్ 2015లో దీని గురించి రాశాక బాగా ప్రచారంలోకి వచ్చింది.

ఇక కిందికి వచ్చే డేటా. "చివరిసారి తర్వాత మారినవి ఇవ్వు" అని అప్‌డేట్ టైము కాలమ్ చూసి పంపుతారు కదా, అందులో ఒక గుంట ఉంది. హెడ్డాఫీసులో ధరల పట్టిక అప్‌లోడ్ 10:00కి మొదలైంది, టేబుల్ వరసల (రోల) మీద 10:00 అని టైము పడింది, కమిట్ మాత్రం 10:04కి అయింది. మధ్యలో 10:02కి ఒక ఫోను సింక్ చేసింది. ఆ వరసలు దానికి కనిపించవు, కమిట్ కాలేదు కదా. ఫోను "10:02 వరకూ తీసుకున్నాను" అని గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ వచ్చి 10:02 తర్వాతవి అడుగుతుంది. 10:00 టైము ఉన్న ఆ ధరలు దానికి ఇక ఎప్పటికీ రావు. ఆ ఒక్క ఆఫీసరే సీజనంతా పాత రేటు చెబుతుంటాడు, మిగతా అందరికీ బాగానే ఉంటుంది. సర్వరు లాగ్‌లలో (నడిచినదంతా రాసుకునే ఫైళ్లలో) ఎర్రర్ ఉండదు, ఎవరూ పట్టుకోలేరు, చివరికి అతను యాప్ తీసేసి మళ్లీ ఎక్కించుకుంటే "సరైపోయింది" అంటారు.

తేలిక మార్గం: ఎప్పుడూ ఒక పావుగంట వెనక్కి జరిగి అడగడం. వచ్చిన వరసలే మళ్లీ వస్తే పాతదాని మీద రాసుకుంటే నష్టం లేదు. మీ దగ్గర పావుగంట దాటే బ్యాచులు లేకపోతే ఇది చాలు. ఉంటే, కమిట్ అయిన మార్పులకి ఒక్క జాబ్ మాత్రమే వరస నంబరు వేసే లాగ్ టేబుల్ పెట్టుకోండి. ఒరాకిల్ మార్పులకి తానే వేసే గుర్తు నంబరు ఓఆర్‌ఏ-రోఎస్‌సీఎన్ వాడదామని ఎవరో ఒకరు అంటారు. టేబుల్ సృష్టించినప్పుడే రోడిపెండెన్సీస్ అనే ఆప్షన్ పెట్టి ఉండకపోతే అది వరస వారీగా కాక బ్లాకు (కొన్ని వరసల గుంపు) వారీగా మారుతుంది, తర్వాత ఆల్టర్ చేసి పెట్టడం కుదరదు.

తీసేసిన వరసలకి గుర్తు ఉంచాలన్నది తెలిసిందే. తెలియనిది టెరిటరీ మార్పు. డీలరుని ఒక ఆఫీసరు నుంచి ఇంకొకరికి మార్చారు. డేటాబేస్‌లో ఏదీ డిలీట్ కాలేదు, కానీ పాత ఆఫీసరు ఫోన్లోంచి ఆ డీలరు పోవాలి, కొత్తాయనకి గత ఏడాది లెడ్జరుతో సహా రావాలి, ఆ వరసల అప్‌డేట్ టైము ఎంత పాతదైనా సరే. మీ కంపెనీలో ఏప్రిల్లో ట్రాన్స్‌ఫర్లుంటే మొదటి ఏప్రిల్‌కే ఇది బయటపడుతుంది.

భద్రత గురించి ఒక్కటే గట్టిగా చెబుతాను. మీ ఈఆర్‌పీలో అనుమతులంటే మెనూ. ఎవరికి ఏ మెనూ కనిపించకూడదో దాచేశారు, దానితో అయిపోయింది. ఏపీఐకి మెనూ ఉండదు. రిక్వెస్టులో డీలర్ కోడు ఒక్క అంకె మార్చి పంపితే పక్క జిల్లా డీలరు లెడ్జరు వచ్చేస్తుంది, సర్వరు వరస స్థాయిలో అడ్డుకుంటే తప్ప. ఈ చెకింగ్ పాత సర్వీసుల్లో ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి, మీ చేత్తో కోడు మార్చి పంపి చూడండి. లాగిన్‌కి ఓఆథ్ 2 (పాస్‌వర్డ్ యాప్ చేతికి ఇవ్వకుండా అనుమతి ఇచ్చే ప్రమాణం), పీకేసీఈతో (ఆ అనుమతి కోడు మధ్యలో ఎవరైనా కాజేసినా పనికిరాకుండా చేసే జత), సిస్టం బ్రౌజరులో. 2017లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8252 చెప్పేది అదే, యాప్ లోపలే తెరుచుకునే వెబ్ పేజీ (వెబ్‌వ్యూ)లో పాస్‌వర్డ్ అడగొద్దు. ఆఫ్‌లైన్లో తెరవడానికి పిన్, డేటాకి తాళం వేసే కీ ఆండ్రాయిడ్ కీస్టోర్లో (ఫోన్లో కీలు దాచే భద్రమైన చోట). రైతుల ఫోన్ నంబర్లు కూడా సేకరిస్తున్నారని రాశారు: 2023 డేటా రక్షణ చట్టం పరిధిలోకి మీరూ వస్తారు, అవసరం లేని నంబర్లు ఫోన్లలోకి దించకండి.

"ఆటోమేటిక్‌గా సింక్ అయిపోతుంది" అని ఎవరికీ మాట ఇవ్వకండి. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ (ఫోను వాడకుండా పక్కన ఉన్నప్పుడు బ్యాటరీ కోసం యాప్‌ల పని ఆపే పద్ధతి) వచ్చినప్పటి నుంచి బ్యాక్‌గ్రౌండ్ పని సిస్టం దయ మీద నడుస్తోంది. ఆండ్రాయిడ్‌లో వెనకాల పనులు నడిపే వర్క్‌మేనేజర్లో పదేపదే నడిచే పనికి కనీస వ్యవధి 15 నిమిషాలు, అదీ సమయానికి నడుస్తుందని హామీ లేదు. కొన్ని కంపెనీల ఫోన్లయితే బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌ని మొత్తానికే చంపేస్తాయి. పుష్ మెసేజ్‌ని "లేచి సింక్ చేయి" అనే పిలుపుగా వాడండి, డేటా అందులో పంపకండి; గూగుల్ పుష్ సర్వీసు ఎఫ్‌సీఎమ్‌లో పట్టేదే 4 కేబీ, చేరుతుందన్న హామీ లేదు. హోమ్ స్క్రీన్ పైనే "పంపనివి 7" అని పెద్దగా కనబడాలి, పక్కన పంపే బటన్ ఉండాలి. పంపనివి ఉండగా లాగౌట్ కానివ్వకండి.

ఫోన్ గడియారాన్ని కూడా నమ్మకండి. క్యాష్ డిస్కౌంట్ గడువు నెలాఖరుకి ముగుస్తుందంటే తేదీ వెనక్కి జరిపేవాళ్లు ఉంటారు. ఫోను టైము, సర్వరుకి చేరిన టైము రెండూ దాచండి. చివరిసారి సర్వరు ఇచ్చిన టైము నుంచి ఫోను ఎంతసేపు నడిచిందన్నది రీబూట్ కానంతవరకు విడిగా లెక్కించొచ్చు, తేడా ఎక్కువైతే అదీ అకౌంట్స్ జాబితాలోకే.

వెర్షన్ల విషయంలో ఒక ఉచ్చు. ఆఫీసులో ఒక రాత్రిలో సర్వరు మార్చేస్తే అందరికీ మారిపోతుంది. ఫోన్లలో మూడు రకాల వెర్షన్లు ఎప్పుడూ తిరుగుతుంటాయి. దానికని "అప్‌డేట్ చేస్తేగానీ ముందుకు కదలదు" అనే స్క్రీను పెడతారు. ఆ ఫోన్లో నిన్నటి రసీదులు పంపకుండా ఉన్నాయి, అప్‌డేట్ ఎక్కడానికి జాగా లేదు, ఆయన యాప్ తీసేసి మళ్లీ పెడతాడు. రసీదులు పోయాయి. పాత వెర్షనులో కొత్త ఎంట్రీలు ఆపండి, పంపడం మాత్రం ఎప్పుడూ ఆపకండి. పాత ఆకారంలో వచ్చిన డేటాని సింక్ సర్వీసు కనీసం ఒక సీజను పాటు ఒప్పుకోవాలి. యాప్ పంపిణీకి కంపెనీల కోసం ఉన్న మేనేజ్డ్ గూగుల్ ప్లేలో ప్రైవేటు యాప్‌గా పెట్టండి, వాట్సాప్‌లో యాప్ ఫైలు (ఏపీకే) పంపే పద్ధతి వద్దు.

మూడు నెలల సంగతి. మూడూ కలిపి మూడు నెలల్లో కాదు. వసూళ్లు, డీలరు లెడ్జరు చూడటం, ఈ రెండే ఒక్క డివిజన్లో అయితే అవుతుంది. వసూళ్లతో ఎందుకంటే అది జరిగిపోయే రకం, కష్టమైన సమస్యలన్నీ అందులోనే తేలతాయి, ఆర్డరు తర్వాత తేలిక. జూన్‌లో మాత్రం మొదలుపెట్టకండి, సీజన్ మధ్యలో మీ యాప్ బగ్గులు వినే ఓపిక ఎవరికీ ఉండదు. సెప్టెంబరు చివర, రబీకి ముందు మంచిది.

మేనేజరు గారిని వాదించి ఒప్పించే బదులు వాళ్లు చెప్పిన తొడుగునే ఒక రసీదుకి కట్టి చూపించండి, రెండు రోజుల పని. ఫోనుకీ సర్వరుకీ మధ్య ఒక ప్రాక్సీ (మధ్యవర్తి ప్రోగ్రాము) పెట్టి, రిక్వెస్టు పోనిచ్చి జవాబుని ఆపేయండి. యాప్‌లో "మళ్లీ ప్రయత్నించండి" వస్తుంది, నొక్కండి. తర్వాత ఆయన ముందే ఈఆర్‌పీలో ఆ డీలరు లెడ్జరు తెరవండి.